ఒక్క సింత్, ఒక్క ట్రాక్, మా నాన్న చెవులు

మా నాన్నకి కుక్కర్ కూత వినపడదు. హార్బర్లో ఓడ కూత మాత్రం వినపడుతుంది. ఈ టపా దాని గురించే, కాకపోతే సింథసైజర్ల మీదుగా చుట్టూ తిరిగి అక్కడికి రావాలి. కాస్త ఓపిక పట్టండి.

ముందు నా సంగతి. వృత్తి కోడు రాయడం, ప్రవృత్తి ట్యూన్లు మొదలుపెట్టడం. "ట్యూన్లు చెయ్యడం" అనలేదు, గమనించారా? మొదలుపెట్టడం మాత్రమే. నా లాప్‌టాప్‌లో 43 ఫైళ్ళున్నాయి. ట్యూన్1, ట్యూన్1_కొత్త, ట్యూన్1_ఫైనల్, ట్యూన్1_ఫైనల్_ఇదే... ఇలాగన్నమాట. వీటిలో పూర్తయినవి ఎన్ని అంటే, సున్నా.

ఎందుకు పూర్తికావు? సామాను ఎక్కువై. ఒక్క కిక్ డ్రమ్ము శబ్దానికే నా దగ్గర వేలకొద్దీ శాంపిళ్ళున్నాయి. రాత్రి తొమ్మిదికి భోజనం చేసి కూర్చుంటే, పదకొండున్నరకి కూడా ఏ కిక్ బావుందో తేలదు. ఇంక ట్యూనెక్కడ? బట్టల షాపులో ఐదొందల చీరలు పరిపించుకుని, చివరికి ఏదీ కొనకుండా బయటికొచ్చేవాళ్ళుంటారే, సరిగ్గా ఆ బాపతు.

ఆఫీసులో ఓ మిత్రుడికి నా గోడు చెప్పుకుంటే, "అన్నీ మూసేసి ఒక్క సింత్‌తో మొత్తం ట్రాక్ చెయ్యి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇలాంటివి కసరత్తు చూపించుకోడానికి చేసేవి, వినేవాడికి ఏం ఒరుగుతుంది అని వాదించాను కూడా. ఇప్పుడు ఆ వాదనలో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

నా దగ్గరున్నది సెకండ్ హాండ్లో కొన్న కోర్గ్ మోనోలాగ్. 25 కీలు, రెండు ఆసిలేటర్లు, ఒక ఫిల్టరు. ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది. రెండు కీలు కలిపి నొక్కితే రెండూ రావు. పెట్టుకున్న నియమం ఇదీ: వినపడే ప్రతి శబ్దం దాన్నుంచే రావాలి. కంప్యూటరు పని టేపు రికార్డరు పనే. ఒక్కో శబ్దాన్నీ విడిగా రికార్డు చేసి పక్కపక్కన పేర్చుకోవచ్చు, అంతకుమించి ఏమీ చెయ్యకూడదు.

మరి డ్రమ్ములు ఎలాగ అంటారా? అక్కడే మజా ఉంది. కిక్ అంటే నిజానికి పైనుంచి కిందికి జారిపడే ఒక స్వరం. ట్రయాంగిల్ వేవ్ తీసుకుని, దాని శ్రుతిని సెకనులో పదోవంతు కూడా పట్టకుండా 200 హెర్ట్జ్ నుంచి 50 హెర్ట్జ్ దాకా పడేస్తే "ధబ్" మంటుంది. స్నేర్‌కి నాయిస్, అంటే స్టేషన్ తగలని రేడియో "ఉస్స్" మంటుందే, అదన్నమాట. దాన్ని చిన్నగా కత్తిరిస్తే చాలు. ఇంకా చిన్నగా కత్తిరించి, సన్నగా చేస్తే హై-హ్యాట్. బేస్‌కి రంపపు పళ్ళలాంటి సా వేవ్‌ని ఫిల్టరుతో నున్నగా చెక్కాలి. మూడు స్వరాలు కలిసి మోగే కార్డు కావాలంటే మూడుసార్లు వాయించి మూడుసార్లు రికార్డు చెయ్యాలి.

దీంట్లో ఉన్న సీక్వెన్సరుకి 16 మెట్లు. ఆదితాళంలో ఎనిమిది దెబ్బలకీ దెబ్బకి రెండు చొప్పున సరిగ్గా సరిపోతాయి. ఖండచాపు కావాలంటే ఆరు మెట్లు ఆపేసి పదే ఉంచుకోవచ్చు. రాగంగా మోహన తీసుకున్నాను, ఐదే స్వరాలు కాబట్టి నాలాంటివాడికి దారి తప్పే అవకాశం తక్కువ :)

ఇదంతా నేనేదో కొత్తగా కనిపెట్టింది కాదు. 1968లో వెండీ కార్లోస్ చేసిన "స్విచ్డ్-ఆన్ బాక్" మొత్తం మూగ్ సింథసైజర్ మీదే. అదీ ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. ఒక్కో వరసనీ విడివిడిగా వాయించి, ఎనిమిది ట్రాకుల టేపు మీద పేర్చుకుంటూ వెళ్ళారు. ఆ మరుసటేడే, 1969లో, మూగ్ మన దేశానికీ వచ్చింది. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ దగ్గరుండి స్టూడియో పెట్టించారు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా లాంటివాళ్ళు 1972 దాకా అక్కడ పనిచేశారు. ఎక్కువగా ఆ మూగ్, టేపు రికార్డర్లు, అంతే సరంజామా. ఆ టేపులు దశాబ్దాలపాటు ఆ సంస్థలోనే పడున్నాయి. పాల్ పర్గస్ అనే బ్రిటిష్ కళాకారుడు వెతికి పట్టుకుంటే 2023లో ఆల్బమ్‌గా బయటికొచ్చాయి. వినండి. వింతగా ఉంటాయి, కొన్ని చోట్ల విసుగు కూడా పుడుతుంది. కానీ ఆ మనుషులు ఒక్కో శబ్దాన్నీ ఎంతసేపు తిప్పి తిప్పి చూశారో మాత్రం తెలిసిపోతుంది.

చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాల్ని డిస్కో లయలో వాయించి ఆల్బమ్ చేశాడు. అతని దగ్గరున్నవి రోలాండ్ యంత్రాలు మూడు. ఒక్కటి కాదు గానీ, మూడుతో సరిపెట్టుకోవడమూ ఒక నియమమే కదా. ఇంకా మన దగ్గరికి రావాలంటే విజయనగరం చాలు. అక్కడ 1919లో పెట్టిన సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఇలా ఐదింటితో ఐదు తాళాలు ఒకేసారి వేసేవారని చెప్పుకుంటారు. మా మోనోలాగ్‌కి ఇది చెబితే సిగ్గుతో ఆఫ్ అయిపోతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. "ఒకే వాయిద్యంతో అంతా" అనేది మన ఊళ్ళల్లో గొప్ప ప్రయోగమేమీ కాదు, రోజూ చూసేదే. పెళ్ళిలో, చర్చిలో, వినాయక చవితి పందిట్లో ఒక్క కీబోర్డు అబ్బాయి కూర్చుని తబలా, డోలక్, వయొలిన్లు, ఫ్లూటు అన్నీ తనే వినిపిస్తాడు. మన దేశం కోసమే తబలా, తంబురా శబ్దాలు పెట్టి యమహా వాళ్ళు పీఎస్ఆర్-ఐ500 అని అమ్ముతారు కూడా. ఒకప్పుడు ఫంక్షన్ ఆర్కెస్ట్రా అంటే స్టేజి నిండా మనుషులుండేవారు. ఇప్పుడు ఇద్దరు సింగర్లు, ఒక కీబోర్డు. మిగిలినవాళ్ళ కూలి ఏమైంది? సినిమా పాటల్లోనూ అంతే, సింథసైజర్లు వచ్చాక వయొలిన్ల వరసలు పలచబడ్డాయి. కాబట్టి "ఒక్క యంత్రం చాలు" అన్న మాట డోలక్ వాయించి పొట్టపోసుకునే మనిషి ముందు గొప్పగా చెప్పలేను.

అయితే నేను చెప్పే ఒక్కటి, ఆ ఒక్కటి వేరని నా అభిప్రాయం. పీఎస్ఆర్‌లో ఒక బటన్ నొక్కితే డోలక్ వస్తుంది. ఆ డోలక్ వాయించిన మనిషి ఎవడో ఎక్కడో ఉన్నాడు, అతన్ని రికార్డు చేసి డబ్బాలో పెట్టారు. నా మోనోలాగ్‌లో డోలక్ లేదు. దానిలాగా ఉండాలని ఎంత ప్రయత్నించినా అది "ధబ్" అనే అంటుంది తప్ప డోలక్ అవ్వదు. ఎవరి స్థానాన్నీ తీసుకోలేని వాయిద్యం అది. తన పరిధిలో తను పలుకుతుంది. ఈ రోజుల్లో ఒక వాక్యం టైప్ చేస్తే గాత్రంతో సహా పాట తయారై వచ్చేస్తోంది. అలాంటప్పుడు ప్రతి శబ్దానికీ "ఇది ఎందుకు ఇక్కడుంది?" అని అడిగితే జవాబు చెప్పగలగడమే నాకు మిగిలిన ఆనందం.

ఆ ప్రశ్నే చివరికి నన్ను ఇరకాటంలో పెట్టింది. ఇప్పుడు నాన్న దగ్గరికి వద్దాం.

మేముండేది వన్‌టౌన్‌లో. పోర్టు 1933లో మొదలైంది, మా తాతల నాటినుంచీ మావాళ్ళు ఆ కూతల మధ్యే పెరిగారు. నాన్న ఒక చిన్న ప్రైవేటు వర్క్‌షాపులో లేత్‌ల మధ్య, గ్రైండర్ల మధ్య ముప్పై ఏళ్ళకి పైగా పనిచేశారు. చెవుల్లో దూది కూడా పెట్టుకోలేదు. ఇలాంటి మోతకి చెవి ఒక్కసారిగా పాడవదు, సాధారణంగా 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదట గుంట పడుతుంది. డాక్టరు గీసిన గ్రాఫులో నాన్నకీ అక్కడే పడింది. ఆ పై శబ్దాలు పోతాయి. స, ష, త, క లాంటి హల్లుల స్పష్టత ఆ పైభాగంలోనే ఎక్కువగా ఉంటుంది కాబట్టి, మాట వినపడుతుంది గానీ ఏమన్నారో తెలీదు. "గట్టిగా అరవకురా, వినపడతాంది, అర్థం అవట్లేదంతే" అంటారు. మిషను కొనిచ్చాం. గుయ్యిమంటోందని తీసి డ్రాయర్లో పెట్టేశారు.

నా ట్రాక్ ఓడ కూతతో మొదలవుతుంది. రెండు ఆసిలేటర్లని కాస్త అటూ ఇటూ శ్రుతి తప్పించి, ఫిల్టరు బాగా కిందికి దించితే అచ్చం అదే. నాలుగు నిమిషాల ట్రాక్, మూడు వారాలు పట్టింది, జీవితంలో మొదటిసారి ఒకటి పూర్తిచేశాను. మూడో నిమిషంలో ఒక చోట బేస్, కిక్ అన్నీ ఆపేసి హై-హ్యాట్, దాని మీద గంటల్లాంటి సన్నటి శబ్దం మాత్రం ఉంచాను. పియానోలో చివరి కీ 4186 హెర్ట్జ్, ఆ చుట్టుపక్కల అన్నమాట. నాకు మొత్తం ట్రాకులో బాగా నచ్చింది ఆ ఇరవై సెకన్లే. ఎంతో గర్వంగా స్పీకర్లు పెట్టి నాన్నకి వినిపించాను.

సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నాన్న తలెత్తి స్పీకర్లకేసి చూశారు.

"ఏట్రా, ఆగిపోనాది? కరెంటు పోయిందేటి?"

అమ్మ వంటింట్లోంచి నవ్వింది, "మోగుతోంది కదండీ" అని. నేను నవ్వలేదు. నాన్న ఒకసారి అమ్మకేసి, ఒకసారి నాకేసి చూసి, "ఓహో" అని ఊరుకున్నారు. ఆ "ఓహో" నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది.

ఆ రాత్రి మళ్ళీ కూర్చున్నాను. పాత రోజులైతే కొత్త ప్లగిన్ కోసం వెతికేవాణ్ణి. ఇక్కడ వెతకడానికి ఏమీ లేదు, ఉన్నది ఒక్కటే. గంటల శబ్దాన్ని నాలుగు ఆక్టేవులు దించాను. అక్కడ చూస్తే అప్పటికే బేస్, ఓడ కూత ఉన్నాయి. మూడూ ఒకదాన్నొకటి తోసుకుని బురద బురదగా తయారైంది. ఒకటి తీసేస్తే గానీ ఇంకొకటి వినపడదు. బేస్‌ని సగం చోట్ల తీసేశాను. కిక్‌ని పొట్టి చేశాను. హై-హ్యాట్ అసలు తీసేశాను, నాన్నకి వినపడని దాని మీద లయ నిలబెట్టడం ఎందుకు? నాలుగు నిమిషాల ట్రాక్ రెండున్నర అయింది. ఇదివరకటి దానికంటే ఇదే బావుందని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

అందుకే నా పాత వాదనలో సగమే వెనక్కి తీసుకుంటున్నా అన్నాను. ఎన్ని సింత్‌లు వాడావన్నది వినేవాడికి అక్కర్లేదు, అది ఇప్పటికీ నిజమే. "ఒకే ఒక్క సింథసైజర్‌తో" అని కవరు మీద రాసుకుంటే అది కసరత్తే. కానీ చేసేవాడికి ఆ ఒక్కటీ అవసరం. సామాను తగ్గితే తప్పించుకునే దార్లు మూసుకుపోతాయి. అప్పుడు గానీ ఇది ఎవరికోసం, వాళ్ళకి ఏది చేరుతుంది అనే ప్రశ్న ఎదురుపడదు. వాయిద్యానికి ఒక పరిధి ఉన్నట్టే వినే చెవికీ ఒక పరిధి ఉంది. 43 ఫైళ్ళు మొదలుపెట్టినా ఆ సంగతి నాకు తట్టనే లేదు.

అన్నట్టు ఓడ కూతల గురించి ఒక ముచ్చట. 1972 నాటి అంతర్జాతీయ సముద్ర నిబంధనల ప్రకారం 200 మీటర్లు, అంతకంటే పొడవైన ఓడ కూత 70 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఉండాలి. 75 నుంచి 200 మీటర్ల లోపు ఓడలకి 130 నుంచి 350. అంతకంటే చిన్నవాటికి 250 నుంచి 700. అంటే ఓడ పెద్దదయ్యేకొద్దీ గొంతు లావవుతుంది. మంచులో కనపడకపోయినా వచ్చేది ఎంతటిదో కూతని బట్టి ఊహించుకోవచ్చు. నేను ఇదంతా చదివి, లెక్కేసి, నా కూతని 90 దగ్గర పెట్టాను. నాన్నకి ఈ లెక్కలేవీ చెప్పలేదు.

రెండోసారి వినిపించినప్పుడు నాన్న చివరిదాకా కదలకుండా విన్నారు. అయిపోయాక కాసేపాగి, "పెద్ద ఓడేరా" అన్నారు. తరవాత, "మళ్ళీ ఎయ్యి" అన్నారు.

నా ఫోల్డర్లో ఇప్పుడు 44 ఫైళ్ళున్నాయి. ఒకటి పూర్తయింది. మీ దగ్గరా ఇలాంటి ఫోల్డరుంటే, ఒక్కటి మాత్రం బయటుంచి మిగతావన్నీ నెలరోజులు మూసెయ్యండి. తరవాత ఇంట్లో ఎవరికైనా వినిపించండి. వాళ్ళు ఎక్కడ తలెత్తి చూస్తారో గమనించండి.