పసిబడులలో పల్నాటి పండుగలు

పసివాని మనస్సున మొట్టమొదట నాటుకొనునది పాఠము గాదు, పండుగ. అక్షరము రాకమునుపే తోరణమును, పాటయు, వేషమును వానికి దెలియును. పండుగనాడు పెద్దలు చూపినది వానికి చిరకాలము సత్యముగనే నిలుచును. కావున పల్నాటిసీమలోని అంగన్‌వాడీలలోను, ఇతర పసిబడులలోను జరుగు ఉత్సవములగూర్చి రెండు మాటలు చెప్పదలచితిమి.

ఉత్సవములందు వేషముల పోటీ యొకటి నేడు వాడుకయైనది. ఒక బిడ్డ రాజగును, మరియొక బిడ్డ దేవత యగును. ఇంకొకనికి ముఖమున మసి పూసి, నడుమునకు ఆకులు చుట్టి, తలలో ఈకలు గ్రుచ్చి, చేతికి విల్లిచ్చి, అడవిమనిషి యని వేదిక నెక్కింతురు. వాడు అర్థములేని కేకలు వేయును, సభ నవ్వును. ఇందు దురుద్దేశ మెవరికిని లేదని మే మెఱుగుదుము. కాని మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి ప్రాంతములందు నల్లమల యంచున చెంచుగూడెము లున్నవి. ఆ గూడెపుబిడ్డయు తోడిపిల్లలతో ఒకే చాపపై కూర్చుండు బిడ్డయే. సభ యెవరిని జూచి నవ్వుచున్నదో ఆ బిడ్డకు బోధపడదా?

చెంచులు మనకు పరాయివారు గారు. వారి మాతృభాష తెలుగే. శ్రీశైల మల్లన్నను చెంచు మల్లయ్య యని పిలిచి బంధువుగ భావించువారు వారు. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని వరించి వారి యింటి అల్లుడైనాడని మనమే కథ చెప్పుకొనుచున్నాము. తేనెపట్టుల జాడ, ఓషధుల గుణము, మృగముల నడక వారెఱిగినట్లు ఎఱిగినవా రరుదు. దేవుని పెండ్లిలో చుట్టములైనవారు బాలుర సభలో హాస్యపాత్రము లగుట ఏమి న్యాయము?

ఈ పొరపాటు మనయొక్కరిదే కాదు. అమెరికాలో నవంబరు నెలలో వచ్చు థాంక్స్‌గివింగ్ పండుగనాడు పసిబడిపిల్లలకు కాగితపు ఈకలు కట్టి, తొల్లింటి ప్రజలు వలసవచ్చినవారితో సంతోషముగ విందారగించి రని మాత్రమే చెప్పుట చిరకాలము సాగినది. పిమ్మట పోయిన భూముల మాట ఎత్తువారు లేరైరి. 1970 నుండి ఆ ప్రజలు ప్లిమత్ పట్టణమున ఆ దినమునే సంతాపదినముగ పాటించుచున్నారు. ఇప్పు డచటి ఉపాధ్యాయులు పెక్కురు ఈకలను విడిచి నిజమును చెప్ప యత్నించుచున్నారు. అచట పెరుగుచున్న తెలుగుబిడ్డలును ఆ పాఠము వినుచున్నారు. ఇచటి బిడ్డలు వినవలదా?

వేషములు మానిన పండుగ చప్పనగునని కొందరు శంకింపవచ్చును. పల్నాటికి ఆ భయము లేదు. ఏటేట కార్తిక అమావాస్య మొదలు అయిదుదినములు కారెంపూడిలో వీరారాధన జరుగుచున్నది. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేళ్లు ఈ సీమవారికి కంఠస్థములు. వీరవిద్యావంతులు నేటికిని గాథ నాలపించుచున్నారు.

యుద్ధగాథ పసివారికి తగునా యనువారి ప్రశ్న ఉచితమైనదే. పల్నాడనిన పగ యని లోకులు తలంచుచున్నారు. 2024 మే నెలలో ఎన్నికలవేళ ఇచట చెలరేగిన హింస ఆ యపవాదును మరల నిలిపినది. కావుననే ఏది చెప్పవలయునో ఎన్నుకొనవలెనని మా మనవి. నాలుగేండ్ల బిడ్డకు కోడిపోరు వలదు, చాపకూడు చెప్పుడు. 12వ శతాబ్దమున బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక అందరిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసెనని గాథ. మాలకులమున బుట్టిన కన్నమదాసు ఆయనకు పుత్రసముడును, సేనానియు నయ్యెను. నాయకురాలు నాగమ్మను దుష్టురాలిగ జూపుటయు అనవసరము. అంత పూర్వమే ఒక స్త్రీ మంత్రిణియై రాజ్యము నడిపెనని చెప్పిన చాలును. ఆగస్టు 15వ తేదీన జెండా యెత్తునపుడు, పుల్లరి నెదిరించి 1922లో తుపాకిగుండ్లకు బలియైన మించాలపాటి కన్నెగంటి హనుమంతుని పేరును పలుకవలెను.

1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమై అంగన్‌వాడీలకు పునాది వేసినది. 2020 జాతీయ విద్యావిధానము మూడవయేటి నుండియే విద్యాక్రమమును లెక్కించి మాతృభాషకు ప్రాముఖ్య మిచ్చినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట కేంద్రముగ పల్నాడు జిల్లా ఏర్పడినది. సాధనములు లేవని చెప్పుటకు వీలులేదు. అంగన్‌వాడీ కార్యకర్తల నెత్తిన మరియొక దస్త్రము మోపుమని మేము కోరుట లేదు. వీరారాధనదినములలో ఒకనాడు, ప్రతిదినము పెట్టు భోజనమునే చాపకూడుగ పెట్టి కథ చెప్పుడు. ఆగస్టు 9వ తేదీన, ప్రపంచ ఆదివాసీ దినమున, గూడెపు పెద్ద నొకరిని పిలిచి ఉన్నతాసనమున కూర్చుండబెట్టి ఆయన నోటనే అడవి సంగతులు వినిపింపుడు. మసిని, ఆకులను, ఈకలను ఆనాటితో విడిచిపెట్టుడు.

చాప పాతదే, కూర్చుండువారు క్రొత్తవారు. ఆ చాపపై చెంచుబిడ్డయు, రైతుబిడ్డయు, కూలిబిడ్డయు తలయెత్తి కూర్చుండిననాడే పల్నాటివీరులకు మనము చేయు ఆరాధన సార్థక మగును.