విన్న మాటను చేరవేయుట

రోగిని ఆస్పత్రికి చేర్చినంతనే అపాయము తీరినదని మనలో అనేకులు తలంతురు. 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన 108 బండ్లు బయలుదేరిన నాటినుండి రొంపిచెర్లవంటి గ్రామములకు పెద్ద ఆస్పత్రులు దగ్గఱైన మాట నిజమే. కాని బండి రోగిని మాత్రమే మోయును. అతని సంగతిని మోయవలసినది మనుష్యుని నోరు.

మిరపచేనిలో పాము కఱచిన కూలివానిని తలంపుడు. ఎన్ని గంటలకు కఱచినది? పసరేమైన పోసిరా? ఱెప్పలు వాలుట ఎప్పుడు మొదలైనది? పురుగుమందు చల్లుచు సొమ్మసిల్లినవాడైనచో, ఆ డబ్బా మీది పేరేమి? అత్యవసర విభాగమున ఈ సంగతులు తఱచుగా ముందు వినునది నర్సు. ఆమె విన్నది వైద్యునికి చేరకున్నచో, మందు చేతనుండియు కాలము మించిపోవును.

మేమెఱిగిన యొక బాలిక తండ్రిని ఒక రాత్రి ఆస్పత్రికి కొనిపోయిరి. పూర్వమొక సూదిమందు పడక ఆయనకు దద్దురులు లేచి ఊపిరి ఆడలేదని రాత్రి నర్సుతో చెప్పిరి. తెల్లవారగనే నర్సు మాఱెను. ఆ మాట క్రొత్తగా వచ్చినామెకు అందలేదు. ఆమె ఆ మందే తెచ్చినప్పుడు బాలిక జంకుచునే, "అక్కా, ఇది మా నాయనకు పడదు" అనెను. ఆమె కసరుకొనక, ఆగి, వైద్యుని అడిగెను. కీడు తప్పెను. రాత్రి నర్సును మేము నిందింపము. ఆమె ఒక్కతెయే అనేకులను చూచుచుండెను. ఏర్పాటు లేనిచోట జ్ఞాపకమును మాత్రమే నమ్ముకొనుట తప్పు.

కావున మా అభిప్రాయమిది. నోటితో ఇచ్చిన ఆజ్ఞను నర్సు వ్రాసికొని తిరిగి చదివి వినిపింపవలెను. పని మాఱునప్పుడు రోగి మంచము చెంతనే సంగతి అప్పగింపవలెను. ఇప్పుడేమి జరుగుచున్నది, పూర్వమేమి జరిగినది, నాకు తోచినదేమి, ఇక చేయవలసినదేమి అను నాలుగు మెట్లలో చెప్పు పద్ధతి అమెరికా నౌకాదళమునుండి ఆస్పత్రులకు వచ్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థయు 2007లో రోగుల క్షేమమునకై సూచించిన తొమ్మిది ఉపాయములలో ఈ అప్పగింతను చేర్చినది. తొందరలో ఇంత తీఱిక ఎక్కడిదని కొందఱందురు. తొందరలోనే గదా మాట తప్పిపోవునది! మఱియు, సందేహమున్నప్పుడు నర్సు వైద్యుని ప్రశ్నించుట అవిధేయత కాదు. అట్లు ప్రశ్నించినామెను గద్దించుట రోగికి చేసిన ద్రోహము.

అహిమయస్సు కూషీయునికంటె వేగముగా పరుగెత్తి దావీదు నొద్దకు వచ్చెను గాని, రాజు అడిగిన సంగతిని మాత్రము చెప్పలేదు. వేగము కలిగియు వార్త అందనిచో ఫలమేమి?

1883లో గుంటూరునకు వచ్చి 1898లో ఆస్పత్రి తెఱచిన డాక్టరు అన్నా కుగ్లరు నాటినుండి మన ప్రాంతపు ఆడుబిడ్డలనేకులు ఈ సేవలో ప్రవేశించిరి. ప్రియ విద్యార్థినులారా, మీలోను కొందఱు ప్రవేశింతురు. తరగతిలో విన్నదానిని తప్పులేక వ్రాయుమనియు, తెలియనిదానిని జంకక అడుగుమనియు మేము చెప్పునప్పుడు విసుగుకొనకుడు. ఆ అలవాటునకే ఒకనాడు ఒక ప్రాణము అప్పగింపబడవచ్చును.