పుండును చూచినంతనే చాలదు

కడుపులో మంట, పుల్లని త్రేన్పులు, కొద్దిగా తినగానే పొట్ట నిండినట్లుండుట మన దేశములో ఇంటింట వినవచ్చు బాధలు. వీనిలో అత్యధికము ప్రాణాపాయము లేనివే. జీర్ణకోశపు క్యాన్సరు వీని చాటుననే దాగియుండును. తొలిదశలో ఆ వ్యాధికి ప్రత్యేక లక్షణ మేదియు లేదు. పెక్కుమందికి నొప్పియే యుండదు.

తొలిదశ యనగా నేమి? జీర్ణకోశపు గోడలో లోపలి శ్లేష్మపు పొరను, దాని క్రింది పొరను దాటని క్యాన్సరే తొలిదశ క్యాన్సరని 1962లో జపాను ఎండోస్కోపీ వైద్యుల సంఘము నిర్ణయించినది. ఆ దశలో చికిత్స పొందినవారిలో నూటికి తొంబదిమందికి పైగా అయిదేండ్ల తరువాత కూడ జీవించియుందురని ఆ దేశపు అనుభవము. వ్యాధి కండరపు పొరలోనికి, ఇతర అవయవములకు ప్రాకినచో ఆశ సన్నగిల్లును.

ఆ పొరలను కంటితో చూచు సాధనము ఎండోస్కోపు. పంజాబులో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, హాప్కిన్సు అను శాస్త్రజ్ఞునితో కలిసి, సన్నని గాజునారల కట్టద్వారా చిత్రమును పంపవచ్చునని 1954లో లోకమునకు తెలిపెను. 1957లో అమెరికాలో బాసిల్ హిర్షోవిట్జ్ అట్టి నారలతో చేసిన వంగెడి గొట్టమును తానే మ్రింగి పరీక్షించెను. నేటి గొట్టముల కొనయందు చిన్న కెమెరాయే యున్నది.

అయినను కన్ను మోసపోవచ్చును. క్యాన్సరు పుండు సామాన్యమైన పుండువలె కనుపించుటయే కాదు, ఆమ్లమును తగ్గించు మందులతో కొంతకాలము మానినట్లును కనుపించును. కావున జీర్ణకోశములో పుండు కనబడినప్పుడు దాని అంచులనుండి అనేక చిన్న ముక్కలను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షింపవలెను. చికిత్స పిమ్మట మరల చూడవలెను. ముక్క తీయునప్పుడు నొప్పి తెలియదు. దానివలన క్యాన్సరు వ్యాపించునను భయము నిరాధారము.

ఇట్లని అందరికిని ఈ పరీక్ష అవసరమా? ఈ వ్యాధి అధికముగా గల జపానులో ఏబది ఏండ్లు, దక్షిణ కొరియాలో నలుబది ఏండ్లు దాటినవారికి రెండేండ్ల కొకసారి చేయుచున్నారు. మిజోరమువంటి కొన్ని ప్రాంతములు తప్ప, భారతదేశమున వ్యాధి అంత విస్తారము కాదు. ఇచ్చట అందరిని పరీక్షించుటకంటె, అవసరమైనవారిని ఆలస్యము లేక పరీక్షించుట మేలు. కారణము లేక బరువు తగ్గువారు, మ్రింగుట కష్టమైనవారు, రక్తము కక్కువారు, తారువలె నల్లని మలము పోవువారు, రక్తహీనత గలవారు, నడివయస్సు దాటిన పిదప క్రొత్తగా అజీర్ణము మొదలైనవారు వెంటనే వైద్యుని చూడవలెను. తలిదండ్రులకు గాని, తోబుట్టువులకు గాని ఈ వ్యాధి వచ్చినవారును ఆ మాట వైద్యునికి తప్పక చెప్పవలెను. ఇట్టివారు నెలల తరబడి మంట మాత్రలతో కాలము గడుపుట తగదు.

గొట్టముండి కణజాల పరీక్షకు వసతిలేని ఆసుపత్రిలో జరుగునది సగము పరీక్షయే. పుండున్నదని విన్న రోగి “ముక్క తీసి పరీక్షించినారా?” అని అడుగుట అవిశ్వాసము కాదు, అది అతని హక్కు.