బ్యాంజో స్పీడు కావాలా? గడియారాన్ని అడగండి!

బ్యాంజో అనగానే ఇంగ్లీషు సినిమాలో కౌబాయ్ మెడకు వేలాడే గుండ్రటి వాయిద్యం గుర్తొచ్చిందా? అది వేరు. గోదావరిఖని, రామగుండం కుర్రకారు ఊరేగింపుల్లో విని మనసు పారేసుకునేది పొడుగాటి పెట్టె బ్యాంజో. పైన టైపు మిషన్‌కు ఉన్నట్టు బటన్లు, వాటి కింద తీగలు. ఎడంచేత్తో బటన్ నొక్కాలి, కుడిచేత్తో ప్లాస్టిక్ బిళ్ళ పట్టుకుని తీగ మీటాలి. అసలు పేరు బుల్‌బుల్ తరంగ్. దీని పుట్టిల్లు ఎక్కడో తెలుసా? జపాన్! 1912లో నగోయాలో మొరిటా గోరో అనే ఆయన తయారుచేసిన ‘తైషోగొతో’కు ఇది మన దేశపు తమ్ముడు.

రామగుండంలో బల్లార్షా వైపు రైలెక్కితే వచ్చేది మహారాష్ట్రే. అక్కడ వినాయకుడి ఊరేగింపంటే బ్యాంజో పార్టీ ఉండాల్సిందే. 2016లో రవి జాదవ్ తీసిన హిందీ ‘బ్యాంజో’లో రితేష్ దేశ్‌ముఖ్ వేసింది అలాంటి ముంబాయి బస్తీ వాయిద్యగాడి వేషమే. ఆ సినిమా చూసినవాళ్ళకు చేతులు దురద పెట్టక మానవు!

చిక్కల్లా ఇక్కడే. బ్యాంజో ఇంటికొచ్చిన మర్నాడే మనవాళ్ళు తీన్మార్ పాట అందుకుంటారు. పాట రాదు, టకటక మోత వస్తుంది. ఎందుకు? బటన్ పూర్తిగా దిగకముందే కుడిచెయ్యి మీటేస్తుంది. స్వరం గొంతులోనే చచ్చిపోతుంది. స్పీడంటే చెయ్యి గబగబా ఆడించడం కాదండీ, రెండు చేతులూ ఒకే క్షణంలో కలవడం. ఆ కలయిక నెమ్మదిలోనే కుదురుతుంది.

“మా ఇంట్లో వాయించనివ్వరు. బాపు నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకుంటడు” అనే కుర్రాళ్ళు బొగ్గు బావుల ఊళ్ళో వాడకొకరుంటారు. రాత్రంతా బాయిలో చెమటోడ్చిన మనిషి నిద్ర చెడగొట్టి ఏ పాట నేర్చుకున్నా దండగే. అయితే బాధపడకండి. ఆ నిద్రే మీ గురువు! ఆంప్లిఫయర్ వైరు పీకేయండి. తీగల కింద, బ్రిడ్జి పక్కన, మెత్తటి గుడ్డ మడిచి పెట్టండి. ఇక బలంగా కొట్టే పని లేదు. బిళ్ళను వదులుగా పట్టుకుని, కొసతో తీగను తాకండి చాలు. బలం పెడితే మణికట్టు బిగుస్తుంది, బిగిసిన చెయ్యి పరుగెత్తలేదు.

ఇప్పుడు గోడ గడియారం ముందు కూర్చోండి. సెకనుకో టిక్కు, నిమిషానికి 60. సరళీ స్వరాలు నేర్చుకునే పిల్లలు మూడు కాలాల్లో పాడటం మీరు వినే ఉంటారు. మనమూ అదే చేద్దాం. మొదటి కాలంలో టిక్కుకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. బిళ్ళ ఒకసారి కిందికి, ఒకసారి పైకి పోవాలి. ప్రతిసారీ కిందికే కొడితే సగం శ్రమ చెయ్యి పైకెత్తడానికే సరి. ఒకటి నుంచి రెండుకు దూకడం కష్టమైతే సెల్‌ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టుకుని 60, 65, 70 అని మెట్లెక్కండి. తప్పు లేకుండా వరసగా మూడుసార్లు వస్తేనే పై మెట్టు. పాటలో ఎక్కడ తడబడితే అక్కడి నాలుగు స్వరాలే విడదీసి వాయించండి. ప్రతిసారీ పల్లవి నుంచి ఎత్తుకుంటే వచ్చిందే వస్తుంది, రానిది రాదు. రోజుకు 20 నిమిషాలు చాలు, కానీ ఒక్కరోజూ మానొద్దు.

నమ్మకం లేకపోతే బాపు నిద్ర లేచాక అడగండి. భూమి లోపల పైకప్పుకు సపోర్టు పెట్టకుండా బొగ్గు కోసం ముందుకు పోతారా అని. పోరు! అక్కడ తొందర ప్రాణం తీస్తుంది. ఇక్కడ పాట ప్రాణం తీస్తుంది, అంతే తేడా.

రేపు బరాత్‌లో డప్పులు జోరెత్తినప్పుడు అందరూ పరుగెడతారు. ఆ జోరులోనూ పల్లవి ముక్క చెదరకుండా పలికించినవాడి చుట్టూనే జనం చేరతారు. ఆ మొనగాడు మీరే కావాలని మా కోరిక!

వచ్చేవారం: జంట తీగలు ఒకే శ్రుతిలో పలికించడం ఎలా?