ముత్తాతగారి చొక్కా వయసెంత?



మీ ఇంట్లో అటక మీద పాత ట్రంకుపెట్టె ఉందా? అందులో ఒక చిన్న చొక్కా దొరికిందనుకోండి. "ఇది ఎప్పటిది?" అని అడిగితే అమ్మమ్మ సంవత్సరం చెప్పదు, కథ చెబుతుంది. "చీరాల జనం ఊరు విడిచిపోయిన ఏడు మీ ముత్తాత తొడుక్కున్నది" అంటుంది.

ఆ సంగతి నిజంగా జరిగిందే. 1921లో మునిసిపాలిటీ పన్నుల భారాన్ని ఎదిరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన చీరాల, పేరాల వాసులు ఇళ్ళు వదిలి, రామనగర్ అనే పేరుతో పాకలు వేసుకుని కాపురమున్నారు. మరి ఈ చొక్కా కూడా అప్పటిదేనా? చొక్కానే అడుగుదాం.

మొదట గుడ్డ చూడండి. చేనేత గుడ్డ కనుక పాతదే అనుకోకండి. చీరాలలో మగ్గాలు నేటికీ ఆడుతూనే ఉన్నాయి. మిల్లు గుడ్డ అయితే లోపలి మడతలో ఒక్కొక్కప్పుడు ముద్ర మిగిలి ఉంటుంది. దాని మీద ధర నయాపైసల్లో ఉందా? అయితే ఆ ముద్ర 1957కు ముందుది కాదు. ఆ ఏడు ఏప్రిల్ 1న మన దేశంలో నయాపైసలు వచ్చాయి. 1964 జూన్ 1 నుంచి 'నయా' అనే మాట తీసివేశారు.

తరువాత దారం చూడండి. నైలానును 1935లో అమెరికాలో కరోథర్స్ బృందం తయారు చేసింది. పాలియెస్టరు నూలును 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టారు. చొక్కా నుంచి వేలాడుతున్న పోగు ఒక్కటి తీసి, పెద్దవాళ్ళ చేత పట్టకారుతో దీపం దగ్గర పెట్టించండి. మీరు మాత్రం ముట్టుకోకండి. నూలుదారమైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద అవుతుంది. నైలానో, పాలియెస్టరో అయితే కరిగి గట్టి పూసలా అవుతుంది.

పూస కట్టిందనుకోండి. 1921లో ఆ దారమే లేదు! అయితే అమ్మమ్మ చెప్పింది అబద్ధమా?

తొందరపడకండి. కుట్టు పక్కన భూతద్దం పెట్టి చూడండి. పాత సూదిబెజ్జాల వరుస ఇంకొకటి కనిపిస్తే, మొదటి కుట్టు ఊడిపోయి ఎవరో మళ్ళీ కుట్టారన్నమాట. అప్పుడు దారం వయసు వేరు, చొక్కా వయసు వేరు. గుడ్డ వయసు ఇంకా వేరు కావచ్చు. ఎందుకంటే మన పత్తి చేల, మిరపతోటల ఊళ్ళలో గుడ్డను ఊరికే పారవేసేవారు కాదు. అమ్మ పాతచీర పొలంగట్టున చెట్టుకు ఉయ్యాల అయ్యేది. అందులో గట్టి ముక్క పాపకు పావడా అయ్యేది. అన్న చొక్కా తమ్ముడు తొడిగేవాడు. చివరకు అన్నీ బొంతలోకి చేరేవి. పాత పిల్లల బట్టలు అరుదుగా దొరకడానికి కారణం ఇదే.

కాబట్టి సూత్రం ఇది: బట్టలో అన్నిటికంటే కొత్తది ఏదో వెతకండి. అది మొదటినుంచీ ఉన్నదే అయితే, బట్ట అంతకంటే పాతది కానేరదు. తరువాత చేర్చినదైతే, అది మరమ్మతు తేదీని మాత్రమే చెబుతుంది.

ఈ నెల మీకొక పని. పెట్టెలోని ఒక చిన్న బట్టను ఎంచుకోండి. ఒక కాగితం మీద పెన్సిలుతో రెండు గళ్ళు గీయండి. ఒకదానిలో బట్ట చెప్పింది, రెండోదానిలో అమ్మమ్మ చెప్పింది రాయండి. రెండూ కలవకపోయినా ఏదీ కొట్టివేయకండి. బట్ట రేపు కూడా పెట్టెలో ఉంటుంది. అమ్మమ్మను మాత్రం ఇవాళే అడగండి. గుండుసూది గుచ్చకండి, తుప్పు పడుతుంది. ఉతికి ఆరబెట్టిన తెల్లని నూలుగుడ్డలో చుట్టి, కాగితం పక్కనే ఉంచండి.