కొన్నవానికే తాళం

ఇంటికి తాళం వేయడంలో తప్పు లేదు. అయితే ఆ తాళం దొంగను ఆపక, బాడుగ చెల్లించి ఆ ఇంట్లో కాపురమున్నవానినే వీధిలో నిలబెడితే దానిని కాపుదల అనవచ్చునా? సంగీతపు డిస్కులకు నకలు తీయకుండా పెట్టిన కట్టడుల కథ జ్ఞాపకం వచ్చినప్పుడల్లా మాకు ఈ సందేహమే కలుగుతున్నది.

2005 ప్రాంతంలో, మేము పాఠశాలలో చదువుకుంటున్న రోజులలో, మా అన్నగారు బెంగుళూరు నుండి ఒక గజళ్ల డిస్కు తెచ్చినారు. వెల రూ. 300 పైమాటే. అప్పటికి మా గుమ్మఘట్ట ఇంట్లో ఉన్నది పాత టేపురికార్డరు ఒకటే. కరెంటు పోయినా సెల్లుల మీద పాడేది. రాయదుర్గంలో ఒక కంప్యూటరు అంగడివారు డిస్కులోని పాటలను క్యాసెట్టుకు ఎక్కించి ఇచ్చేవారు. అక్కడికి తీసుకుపోతే ఆ యంత్రం మా డిస్కును ఒప్పుకోలేదు. మూడుమార్లు లోపలికి తోసినారు, మూడుమార్లూ బయటికి కక్కింది. అట్ట వెనుక చూడగా, ఇది కంప్యూటరులో నడవకపోవచ్చునని చీమ తలకాయంత అక్షరాలలో అచ్చువేసి ఉన్నది! కొన్నచోటికి వాపసు పట్టుకుపోతే, పైకాగితం చింపినందువలన తిరిగి తీసుకోము అన్నారు. ఆ వారంలోనే రాయదుర్గం బస్టాండు దగ్గర తోపుడుబండి మీద నూరు పాటల నకలు డిస్కు నలభై రూపాయలకు దొరికింది. మా అన్నగారి గజళ్లు అందులోనూ ఉన్నాయి. ఏ యంత్రంలో వేసినా పాడింది. అన్నగారు దానిని కొన్నారో లేదో ఇక్కడ వ్రాయము.

ఇది మా ఒక్క ఇంటి కష్టమని చాలాకాలం అనుకున్నాము. తరువాత చదివి తెలుసుకున్నది వేరు. ఆ కాలంలో కొన్ని డిస్కుల అంచున కంప్యూటరును తికమకపెట్టే ఒక తప్పుడు పట్టీని చేర్చేవారు. 2002లో ఐరోపాలో అటువంటి డిస్కులు కొన్నవారు ఆ అంచు మీద స్కెచ్ పెన్నుతో నల్లగీత గీసి, ఆ కట్టడిని తప్పించినారు. కోట్లు వెచ్చించి కట్టిన గోడ పిల్లవాని కలముతో కూలిపోయింది. కాంపాక్ట్ డిస్కును సోనీతో కలిసి రూపొందించిన ఫిలిప్స్ సంస్థ, ఇటువంటివి అసలు కాంపాక్ట్ డిస్కులే కావని, వాటి మీద ఆ ముద్ర వేయరాదని పట్టుబట్టింది. 2003లో ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న అలెక్స్ హాల్డర్మన్ అనే విద్యార్థి, మరొక రకం కట్టడి డిస్కు వేసేటప్పుడు షిఫ్ట్ మీటను నొక్కి ఉంచితే చాలు, ఆ కట్టడి పనిచేయదని చూపించినాడు. తయారుచేసినవారు మొదట దావా వేస్తామన్నారు, పిమ్మట మానుకున్నారు.

అయితే నవ్వుకొని వదలదగినది కాదు 2005 నాటి సంగతి. సోనీ బీఎంజీ సంస్థ అమ్మిన కొన్ని డిస్కులను కంప్యూటరులో వేస్తే, వినేవానికి తెలియకుండా ఒక ప్రోగ్రాము లోపల చేరి దాగుకొనేది. ఒక గుర్తుతో మొదలయ్యే పేరుగల ఫైలు ఏదైనా కంటికి కనపడకుండా చేసేది. ఆ గుర్తును తమ వైరసులకు తగిలించుకొని దుష్టులు అదే చాటున దూరినారు. మార్క్ రుసినోవిచ్ అనే నిపుణుడు తన కంప్యూటరులో దీనిని కనిపెట్టి ఆ సంవత్సరం అక్టోబరు 31న లోకానికి వెల్లడించినాడు. నవంబరులోనే సంస్థ డిస్కులను వెనుకకు పిలిపించింది. 2007లో అమెరికా వాణిజ్య సంఘంతో కుదిరిన ఒప్పందం ప్రకారం, కంప్యూటరు చెడిపోయినవారికి 150 డాలర్ల వరకు చెల్లించవలసి వచ్చింది. ఇందులో గమనించవలసినది, ఆ దెబ్బ తిన్నది ఎవరన్నది. తోపుడుబండి మీద కొన్నవాడు కాదు. అంగడికి పోయి పూర్తి వెల చెల్లించినవాడు.

గాయకుల నష్టం మాకు తెలియనిది కాదు. మా ప్రాంతంలో చెక్కభజన పాటలు, పీర్ల పండుగ పాటలు క్యాసెట్లుగా వచ్చినప్పుడు, నకళ్లు తీసి అమ్మినవారు గడించినారు గాని పాడినవారికి పైసా దక్కలేదు. ఆ దొంగవ్యాపారానికి శిక్ష ఉండవలసినదే. కాని ఇంట్లో వినడానికి ఒక నకలు తీసుకొనేవానిని ఆ గుంపులో కలపడం న్యాయం కాదు. మన 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను సొంత ఉపయోగానికి న్యాయమైన మేర చోటు ఇచ్చింది. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షను, హక్కులను అతిక్రమించే ఉద్దేశంతో తాళం విరిచినవానికి రెండేండ్ల వరకు జైలు అని చెబుతూనే, చట్టం నిషేధించని పనికి అది అడ్డు కాదని కూడా పలికింది. చట్టం ఇచ్చిన ఆ కాస్త చోటును యంత్రం ఇవ్వదు. యంత్రానికి సెక్షన్లు తెలియవు గదా!

డిస్కుల కాలం గడిచిపోయింది, ఇప్పుడు ఈ గొడవ ఎందుకని విద్యార్థులు అడగవచ్చు. కొని దించుకొనే పాటలకు తాళాలు తీసివేసిన మాట నిజమే. ఆపిల్ సంస్థ 2009లో తన దుకాణంలోని పాటలన్నిటికీ ఆ పని చేసింది. కాని ఆ తాళం పోలేదు, ఇల్లు మారింది. నెలకింత చందా కట్టి ఫోనులో దించుకొన్న పాట మీది కాదు. స్పాటిఫైలో దించుకొన్నవారు కనీసం 30 దినాలకు ఒకమారు ఇంటర్నెట్టుకు ముఖం చూపకపోతే ఆ పాటలు పోతాయి. చందా నిలిచిన తరువాత దించుకొన్నవి పలుకవు. సిగ్నలు అందని పొలంలో రాత్రి నీళ్లు కట్టే రైతుబిడ్డకు ఇది చిన్న సంగతి కాదు.

పాటలకే గాక పుస్తకాలకు కూడా ఇదే వరస వస్తున్నది. ఏటేటా రుసుము కట్టి తెరమీద చదువుకొనే పుస్తకాలను గ్రంథాలయాలకు అంటగడుతున్నారు. రుసుము ఆగిన యేడు బీరువా ఖాళీ. కనుక కళాశాల కమిటీవారు ఇకమీదట ఇటువంటివి కొనబోయే ముందు, ఒప్పందపు కాగితంలోని చిన్న అక్షరాలను ఒక ఉపాధ్యాయుని చేత, ఒక విద్యార్థి చేత చదివించవలసినదిగా కోరుతున్నాము. చందా ముగిసిన తరువాత మన దగ్గర ఏమి మిగులుతుందో ఆ కాగితంలో వ్రాసి లేకపోతే, అమ్మవచ్చినవారిని అడిగి వ్రాతమూలకంగా తీసుకొనిన పిమ్మటనే డబ్బు చెల్లించవలెను.