రాడార్‌కు చిక్కని విమానం, మాటలకు చిక్కే జనం

ఇబ్రహీంపట్నం మండలం ఆదిభట్లలో టాటా సంస్థ, అమెరికాకు చెందిన లాక్‌హీడ్ మార్టిన్ కలిసి నడుపుతున్న కర్మాగారంలో సి-130జె రవాణా విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. అదే లాక్‌హీడ్ అమెరికాలో ఎఫ్-35 అనే స్టెల్త్ యుద్ధ విమానాన్ని తయారు చేస్తోంది. కాబట్టి ఈ విమానాల గురించి దేశాల మధ్య సాగుతున్న మాటల యుద్ధం మన ఇళ్లకు మరీ దూరమైనదేమీ కాదు.

అసలు స్టెల్త్ అంటే ఏమిటి? కంటికి కనబడకుండా చేసే మాయ కాదు. రాడార్ పంపిన తరంగాలు విమానానికి తగిలి తిరిగి వస్తేనే దాని జాడ తెలుస్తుంది. స్టెల్త్ విమానం ఆకారం ఆ తరంగాలను పక్కకు మళ్లిస్తుంది. పైనున్న పూత కొంత పీల్చుకుంటుంది. అందువల్ల విమానం బాగా దగ్గరికి వచ్చేదాకా రాడార్ దాన్ని పసిగట్టలేదు. ఇందుకు ఆధారమైన గణితాన్ని 1962లో ప్రచురించినవాడు సోవియట్ శాస్త్రవేత్త ప్యోతర్ ఉఫీమ్‌త్సెవ్. దాన్ని అందిపుచ్చుకున్నది మాత్రం అమెరికా!

1991 గల్ఫ్ యుద్ధంలో ఎఫ్-117 విమానాలు బాగ్దాద్ మీద బాంబులు వేసినప్పుడు వీటికి ఎదురే లేదన్నారు. 1999 మార్చి 27న సెర్బియా సైనికులు పాతకాలపు సోవియట్ క్షిపణితో అదే రకం విమానాన్ని కూల్చినప్పుడు స్టెల్త్ పని అయిపోయిందన్నారు. రెండు మాటలూ అతిశయోక్తులే.

ఈనాటికీ ఇదే తంతు. చైనా జె-20 విమానం తొలిసారి ఎగిరింది 2011 జనవరి 11న. ఆ రోజు అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ బీజింగ్‌లోనే ఉన్నారు! 2018లో అప్పటి మన వాయుసేనాధిపతి బి.ఎస్. ధనోవా, ఆ విమానాన్ని మన సుఖోయ్-30 రాడార్ దూరం నుంచే పట్టగలదని ప్రకటించారు. 2025 జూన్‌లో ఇజ్రాయెల్ ఎఫ్-35లను కూల్చామని ఇరాన్ చెప్పింది. ఇజ్రాయెల్ కాదన్నది. ఆ నెల 22న అమెరికా బి-2 విమానాలు ఇరాన్ అణు కేంద్రాలపై దాడి చేశాయి. ఇరాన్ తమను చూసినట్టే లేదని అమెరికా సేనానులు అన్నారు. అయితే అంతకు ముందు తొమ్మిది రోజులుగా ఇజ్రాయెల్ ఇరాన్ గగనతల రక్షణను దెబ్బతీస్తూ వచ్చిందన్న సంగతి మరచిపోరాదు.

మన విమానం ఎవరికీ కనబడదు, ఎదుటివాడిది మనకు కనబడుతుంది అని ప్రతి సైన్యమూ చెబుతుంది. సొంత ప్రజలకు ధైర్యం, శత్రువుకు బెదురు, ఆయుధాలు కొనేవారికి ఆశ కల్పించేందుకే ఈ ప్రకటనలు. నిజం తెలియాలంటే వారు దేనికి డబ్బు ఖర్చు పెడుతున్నారో చూడాలి. జె-20 కనబడుతుందన్న మన దేశమే 2024 మార్చిలో సొంత స్టెల్త్ విమానం ఆమ్కా కోసం దాదాపు 15,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. చైనా ఒక చేత్తో స్టెల్త్‌ను పట్టే రాడార్లు ప్రదర్శిస్తూ, మరో చేత్తో స్టెల్త్ విమానాలు పెంచుకుంటోంది.

చైనా తమకు 40 జె-35 విమానాలు ఇవ్వజూపిందని 2025 జూన్‌లో పాకిస్తాన్ ప్రభుత్వం ప్రకటించింది. కొద్ది రోజులకే ఆ దేశ రక్షణ మంత్రి ఖ్వాజా ఆసిఫ్, అదంతా మీడియాలో మాటేనన్నారు. ఇక్కడా అంతే. ఎఫ్-35లు ఇస్తామని 2025 ఫిబ్రవరిలో ట్రంప్ అంటే, లాంఛనంగా చర్చలే జరగలేదని ఆగస్టులో మన ప్రభుత్వం తెలిపింది. ఈలోగా ఎన్ని ఫోన్లలో ఎన్ని విమానాలు ఎగిరాయో!

ఇలాంటి వార్తను తహకీక్ చేసుకోకుండా నలుగురికీ పంపడం మనకు తగదు. సంతోషంతో పంపినా, కోపంతో పంపినా ఫలితం ఒక్కటే. రక్షణ కర్మాగారంలో కొలువు కోరే కుర్రవాడికి అలాంటి ఒక్క సందేశమే చిక్కు తెచ్చిపెట్టవచ్చు. తల్లిదండ్రులు ఈ మాట పిల్లలకు నచ్చజెప్పాలి. ఆమ్కా తయారీలో ప్రైవేటు సంస్థలూ పోటీపడవచ్చని 2025 మేలో ప్రభుత్వం ప్రకటించింది. రేపు ఆ పని ఎక్కడ జరిగినా, అందులో చోటు దొరికేది లెక్కలు, భౌతికశాస్త్రం శ్రద్ధగా చదివిన పిల్లలకే. మన పిల్లల చేతుల్లో ఫోను ఎంతసేపు ఉంటోంది? పుస్తకం ఎంతసేపు ఉంటోంది?